ఎండకు చావని మొగ్గ: చెరువు నీటి డ్రిప్పుకు బోరు నీటి సలహా చాలదు

కొన్నేళ్ల క్రితం తలుపుల మండలంలో టమాటా సాగు చేస్తున్న ఒక రైతు తన డ్రిప్పు ఫిల్టరు జాలిని సంచిలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. బోరు ఎండిపోవడంతో పంట కుంట నుండి మోటారుతో నీరు తోడుకుంటున్నాడు. వారానికొకసారి జాలి మూసుకుపోతోంది. జాలిమీద గోధుమ రంగులో సన్నని గొట్టాలు కొమ్మలు కొమ్మలుగా అల్లుకొని ఉన్నాయి. "పాచి కాదు సార్ ఇది, వేర్ల మాదిరి ఉంది. నీళ్లలో యాడిది వేరు?" అని అడిగాడు. నేను సరిగా చూడకుండానే పాచి అని తేల్చి, ఆమ్ల చికిత్స చేయమన్నాను. తగ్గలేదు. తరువాత క్లోరిన్ చికిత్స చెప్పాను. కొంత తగ్గింది. మార్చి నాటికి కుంట ఎండింది. పైపులు చుట్టి చెట్టు కింద పెట్టుకున్నాడు. "ఇక ఈ ఎండకు అన్నీ చస్తాయి, వచ్చే కారుకు బాధ ఉండదు" అని ధైర్యం చెప్పాను. వానలు పడి కుంట నిండిన కొద్ది వారాలకే అదే జాలి, అదే గోధుమ రంగు అల్లికతో మళ్లీ నా బల్లమీదికి వచ్చింది. అప్పుడు గాని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడలేదు. గొట్టాలలోనూ, జాలి సందులలోనూ ముదురు గోధుమ రంగులో, చుట్టూ లేత అంచుతో, కోలగా ఉన్న గింజల వంటివి వందల సంఖ్యలో కనిపించాయి. నేను చెప్పిన మూడు మాటలలో రెండు పూర్తిగా తప్పు, ఒకటి సగం తప్పు.

ఆ రైతు అడిగిన ప్రశ్నకు సమాధానం బ్రయోజోవా. తెలుగులో నాచుజీవులు అనవచ్చు. చూడడానికి నాచులా ఉన్నా ఇవి మొక్కలు కావు, జంతువులు. ఆ కోలగింజల పేరు స్టాటోబ్లాస్టులు. ఇంత చిన్న జీవి గురించి వ్యవసాయ పత్రికలో రాయడానికి కారణం ఉంది. డ్రిప్పు మూసుకుపోవడం గురించి మనం రైతుకు ఇస్తున్న సలహాలు ప్రధానంగా బోరు నీటిని దృష్టిలో పెట్టుకొని తయారైనవి. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం, కదిరి ప్రాంతాలలో నీటి ఆధారం క్రమంగా మారుతోంది. నీరు మారినప్పుడు సలహా కూడా మారాలి. మారకపోతే లోపం మనదై, నింద మాత్రం "నిర్వహణ సరిగా లేదు" అన్న పేరుతో రైతు మీద పడుతుంది.

ముందుగా ఈ జీవిని తెలుసుకుందాం. బ్రయోజోవాలో నేడు బతికి ఉన్న జాతులు సుమారు ఆరు వేలు. అందులో అత్యధికం సముద్రంలోనివి. మంచినీటిలో బతికేవి వందకు లోపే. వీటిలో ఎక్కువ భాగం ఫైలాక్టోలీమాటా అనే తరగతికి చెందినవి. స్టాటోబ్లాస్టులను తయారుచేసేది ఈ తరగతి ఒక్కటే. ఒక్కొక్క జీవిని జూయిడ్ అంటారు. దాని తలపై గుర్రపు నాడా ఆకారంలో స్పర్శకాల కిరీటం ఉంటుంది. ఆ స్పర్శకాలపై ఉన్న శైలికలు నీటిని కదిలించి, అందులోని శైవలాలను, బాక్టీరియాను, సేంద్రియ రేణువులను నోటిలోకి చేరుస్తాయి. ఒక్క జూయిడ్ కంటికి కనిపించీ కనిపించనంత చిన్నది. వేల జూయిడ్లు ఒకదానికొకటి అతుక్కొని సహనివేశంగా ఏర్పడితే గొట్టాన్ని పూడ్చగల పరిమాణం వస్తుంది. ప్రవహించే నీరు వాటికి కూర్చున్న చోటికే ఆహారాన్ని తెచ్చి ఇస్తుంది గనుక పైపు, జాలి, ఫుట్‌వాల్వు వాటికి చాలా అనుకూలమైన నివాసాలు.

ఈ సహనివేశం పెరగడానికి ఆడ, మగ కలయిక అవసరం లేదు. మొదటిది కోరకీభవనం. ఒక జూయిడ్ ప్రక్కన మొగ్గ తొడిగి మరొక జూయిడ్ అవుతుంది, అది మరొక మొగ్గ తొడుగుతుంది. రెండవది ముక్కలు కావడం. విరిగిన ముక్క మరొక చోట అంటుకొని కొత్త సహనివేశమవుతుంది. జిగురు ముద్దల వలె ఉండే లోఫోపోడెల్లా వంటి ప్రజాతులలో సహనివేశమే రెండుగా చీలి దూరం జరుగుతుంది. మూడవది, మనకు ముఖ్యమైనది, స్టాటోబ్లాస్టు. లైంగిక ప్రత్యుత్పత్తి కూడా ఉంది. ఈ జీవులు ఉభయలింగులు. ఏడాదిలో కొద్దికాలం డింభకాలను విడుదల చేస్తాయి. అవి కొన్ని గంటలు ఈది ఎక్కడో అంటుకుంటాయి. అయితే ఒక ఏటి నుండి మరొక ఏటికి వంశాన్ని దాటించే భారం ప్రధానంగా స్టాటోబ్లాస్టుదే.

స్టాటోబ్లాస్టు గింజ కాదు, గుడ్డు కాదు. ఫలదీకరణ లేకుండా తయారైన అంతర్గత మొగ్గ. జూయిడ్ జీర్ణాశయాన్ని దేహకుడ్యానికి కలిపే సన్నని తాడు వంటి కణజాలం మీద ఇది పుడుతుంది. లోపల కొత్త జీవిని నిర్మించగల కణాలు, వాటికి సరిపడ ఆహార నిల్వ ఉంటాయి. బయట రెండు చిప్పలు మూతపడినట్లు గట్టి కైటిన్ కవచం ఉంటుంది. తల్లి సహనివేశం కుళ్లిపోయినా ఇది చెక్కుచెదరదు. అనుకూల కాలం రాగానే చిప్పలు విచ్చుకొని ఒక జూయిడ్ బయటికి వస్తుంది, మొగ్గలు తొడగడం మొదలుపెడుతుంది. అంటే ఒకే ఒక్క స్టాటోబ్లాస్టు ఒక కుంటను, ఒక పైపును మళ్లీ నింపగలదు.

ప్లూమాటెల్లా ప్రజాతిలో ఈ మొగ్గలు రెండు రకాలు. ఒకదాని అంచు చుట్టూ గాలి నిండిన కణాల వలయం ఉంటుంది. అది నీటిపై తేలి గాలికి, అలకు, పక్షి కాలికి, ఈకకు అంటుకొని ఊరు దాటుతుంది. దీన్ని ఫ్లోటోబ్లాస్టు అంటారు. రెండవది సెస్సోబ్లాస్టు. దానికి తేలే వలయం పనిచేయదు. తల్లి అంటుకున్న రాయికో, కర్రకో, పైపు గోడకో జిగురుపెట్టినట్లు అతుక్కొని అక్కడే ఉండిపోతుంది. ఒకటి వలసపోతుంది, ఒకటి ఇల్లు కనిపెట్టుకొని ఉంటుంది. కరువు సీమలో పుట్టిన వారికి ఈ ఏర్పాటును విడమరచి చెప్పనక్కరలేదు. జల పక్షుల జీర్ణనాళం గుండా వెళ్లిన తరువాత కూడా కొన్ని స్టాటోబ్లాస్టులు మొలకెత్తగలవని ప్రయోగాలలో తేలింది. చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా వచ్చే కొంగలు మొదలుకొని మన చెరువులలో వాలే బాతుల వరకు నీటి పక్షులు తిరిగే ప్రాంతంలో ఏ కుంటా ఒంటరిది కాదు.

మన దేశంలో ఈ జీవులు కొత్తగా వచ్చి చేరినవి కావు. పందొమ్మిదవ శతాబ్దంలోనే బొంబాయిలో హెచ్.జె. కార్టర్ వీటిని పరిశీలించాడు. లోఫోపోడెల్లా కార్టెరై అన్న జాతి పేరు ఆయనదే. కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన నెల్సన్ అనండేల్ 1911లో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో మంచినీటి స్పంజికలు, హైడ్రాయిడ్లు, పాలిజోవా గురించి ఒక సంపుటం వెలువరించాడు. పాలిజోవా అంటే బ్రయోజోవాకు నాటి పేరు. ఆ తరువాత కె.ఎస్. రావు వంటి భారతీయ శాస్త్రజ్ఞులు స్టాటోబ్లాస్టుల మనుగడ, మొలక గురించి విలువైన పని చేశారు. ఈ జ్ఞానమంతా జంతుశాస్త్రంలో ఉండిపోయింది. నీటిపారుదల పాఠ్యాంశాలలోకి రాలేదు. పైపులో నీరు ఎంత వేగంతో పోతుందో మన విద్యార్థి లెక్కకట్టగలడు. ఆ నీటిలో ఏ జీవి ఉందో చూడడం అతనికి మనం నేర్పలేదు.

శీతల దేశాల పుస్తకాలలో స్టాటోబ్లాస్టును చలికాలం దాటించే సాధనంగా వర్ణిస్తారు. మన సీమలో కఠిన కాలం వేసవి. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం ఇది. ఆ సగటు కూడా కాగితం మీది మాటే. ఒక ఏడు మరవ పారిన చెరువులో తరువాత రెండేళ్లు గొర్రెలు మేస్తాయి. అటువంటి చెరువు నేలలో బతకాలంటే తడి లేకుండా ఏళ్ల తరబడి నిలవగలగాలి. లోఫోపోడెల్లా కార్టెరై స్టాటోబ్లాస్టులు పొడిగా నాలుగేళ్లకు పైగా ఉంచిన తరువాత కూడా మొలకెత్తినట్లు అమెరికా శాస్త్రవేత్త మేరీ రాజిక్ గత శతాబ్దపు పూర్వార్ధంలోనే నమోదు చేసింది. అన్ని జాతులకూ ఇదే శక్తి ఉందని కాదు. ఒకే జాతిలోనైనా అన్నీ ఒకేసారి మొలకెత్తవు. కొన్ని వెంటనే, కొన్ని విరామం తరువాత, కొన్ని మరొక తడికి మొలకెత్తుతాయి. తొలి వానను నమ్మి ఉన్న విత్తనమంతా ఒక్కసారే నేలలో వేయని జాగ్రత్త అది. కాబట్టి "ఎండకు చస్తాయి" అని నేను రైతుకు చెప్పిన మాట, సరిగ్గా ఎండను తట్టుకోవడానికే రూపొందిన వస్తువు గురించి చెప్పిన మాట.

ఇప్పుడు పొలానికి వద్దాం. మన ప్రాంతంలో డ్రిప్పు విస్తరించినది బోర్ల మీద. బోరు నీటిలో ప్రధాన సమస్య లవణాలు. కాల్షియం కార్బొనేటు తెల్లగా పేరుకొని డ్రిప్పరును మూస్తుంది. దానికి ఆమ్ల చికిత్స సరైన మందు. నేడు శ్రీశైలం వెనుక జలాల నుండి ఎత్తిన నీరు హంద్రీ నీవా కాలువల ద్వారా జీడిపల్లి, గొల్లపల్లి, కదిరి సమీపంలోని చెర్లోపల్లి జలాశయాలకు చేరుతోంది. చెరువులు నింపుతున్నారు. పంట కుంటలు పెరిగాయి. బోరు నీటిని కూడా కుంటలో నిల్వచేసి పగలు డ్రిప్పుకు వాడుకునే రైతులున్నారు. ఇది స్వాగతించవలసిన మార్పు. అయితే ఎండ తగిలే, పక్షి వాలే, చేప తిరిగే నీరు పైపులోకి వచ్చినప్పుడు మూసుకుపోవడానికి కారణం రసాయనం నుండి జీవం వైపు జరుగుతుంది. శైవలాలు, బాక్టీరియా జిగురు, స్పంజికలు, బ్రయోజోవా అన్నీ అందులో భాగస్వాములే.

అసలు నష్టం జరిగే క్రమాన్ని గమనించాలి. సాధారణంగా వాడే 120 మెష్ జాలి రంధ్రం సుమారు 130 మైక్రాన్లు. ప్లూమాటెల్లా స్టాటోబ్లాస్టు పొడవు సుమారు 300 నుండి 500 మైక్రాన్లు. అంటే చెక్కుచెదరని జాలిని అది దాటలేదు. జాలి మీదనే చేరి అక్కడే మొలుస్తుంది. జాలి మూసుకొని పీడనం పడిపోతుంది. చివరి సాళ్లకు నీరందక కాయ ఎండుతున్న రైతు ఏం చేస్తాడు? జాలిని తీసి పక్కన పెడతాడు, లేదా పుల్లతో పొడిచి రంధ్రం చేస్తాడు. నీరు ఒక్కసారిగా బాగా వస్తుంది. ఆనాటి నుండి స్టాటోబ్లాస్టులు, విరిగిన ముక్కలు నేరుగా సబ్‌మెయిన్‌లోకి, లేటరల్ పైపులలోకి పోతాయి. ఫిల్టరు దగ్గర అరగంట కడుగుడుతో పోయే సమస్య వేలాది డ్రిప్పర్ల సమస్యగా మారుతుంది. ఆ రైతు చేసినది నిర్లక్ష్యం కాదు, పంటను కాపాడుకునే ప్రయత్నం. సరైన దారి ముందే చెప్పకపోవడం మన లోపం.

మన మూడు మందులు ఇక్కడ ఎందుకు చాలవో చూద్దాం. ఆమ్లం కార్బొనేటును కరిగిస్తుంది. పలుచని ఆమ్లంలో కైటిన్ కవచం కరగదు. క్లోరిన్ మెత్తని జూయిడ్లను చంపుతుంది, కవచంలోని మొగ్గను చాలావరకు వదిలేస్తుంది. చచ్చిన సహనివేశం ఊడి పైపులలోకి కొట్టుకుపోతే అది అదనపు మూత. ఇక ఎండ సంగతి పైన చెప్పాను. సస్య శాస్త్రజ్ఞులకు ఇది తెలియని సూత్రం కాదు. కనిపించే కలుపును పెరికినంత మాత్రాన నేలలోని కలుపు విత్తన నిధి తరగదని తరగతి గదిలో మనమే బోధిస్తాం. ఆ సూత్రాన్ని గట్టు దాటించి నీటిలోకి తీసుకుపోలేదు, అంతే.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. ఎల్బే నది నీటిని వడపోయకుండా సరఫరా చేసిన హాంబర్గ్ నగరంలో 1880ల దశకంలో తాగునీటి గొట్టాల నిండా బ్రయోజోవాతో సహా ఎన్నో జీవులు స్థిరపడ్డాయి. కార్ల్ క్రేపెలిన్ వాటిని వివరంగా వర్ణించాడు. 1892లో కలరా ప్రబలిన తరువాత, 1893లో ఆ నగరానికి ఇసుక వడపోత వచ్చింది. ఇసుక పొర నీటిలోని రేణువులను ఆపితే పైపులోని జీవికి ఆహారమూ తగ్గుతుంది, కొత్త బీజమూ తగ్గుతుంది. విషం వేసి చంపడం కన్నా, ఆకలితో మాడ్చి దారి మూయడం మేలన్నది అందులోని పాఠం.

దీనిపై సహచరులు రెండు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది, మన జిల్లాలలో ఇప్పటికీ బోర్లే ఎక్కువ, లవణాలే పెద్ద సమస్య అన్నది. నిజమే. బోరు నుండి నేరుగా డ్రిప్పుకు పోయే చోట ఆమ్ల చికిత్స సలహాను మార్చనవసరం లేదు. ప్రతి మూతకూ బ్రయోజోవాయే కారణమని నేను అనడం లేదు. కారణం చూడకుండా మందు చెప్పవద్దని అంటున్నాను. రెండవది, విస్తరణ సిబ్బందికి ఉన్న పని చాలదా, సూక్ష్మదర్శిని కూడా మోయాలా అన్నది. అవసరం లేదు. పది రెట్లు పెంచి చూపే చేతి కటకం, ఒక గిన్నె నీరు, రెండు చుక్కల ఆమ్లం చాలు. జాలి నుండి గీకిన పదార్థం మీద ఆమ్లం వేస్తే బుసబుస పొంగితే అది కార్బొనేటు. పొంగకుండా గొట్టాల అల్లిక, గోధుమ రంగు కోలగింజలు కనిపిస్తే బ్రయోజోవా. ఆరిన మట్టిని నీటిలో కలిపి కాసేపు ఉంచితే ఫ్లోటోబ్లాస్టులు పైకి తేలుతాయి. ఐదు నిమిషాల పని.

కారణం తేలిన తరువాత చెప్పవలసిన సలహా ఇలా ఉండాలని నా అభిప్రాయం. చెరువు, కుంట, కాలువ నీరు వాడే ప్రతి డ్రిప్పుకూ జాలి ఫిల్టరుకు ముందు ఇసుక ఫిల్టరు తప్పనిసరి అని చెప్పాలి. దాని ఖర్చును అదనంగా కాక మొదటి అంచనాలోనే చేర్చాలి. ఫిల్టరును వెనుక ప్రవాహంతో కడిగిన నీటిని తిరిగి కుంటలోకి వదలకుండా పొలం మట్టిలోకి మళ్లించాలి. ఫ్లోటోబ్లాస్టులు పైన తేలుతాయి, పూడిక అడుగున ఉంటుంది. అందువల్ల ఫుట్‌వాల్వును ఈ రెండింటికీ మధ్య, నీటి మట్టానికి కొంత కింద వేలాడేటట్లు కట్టుకోవాలి. కుంటలో పడి ఉన్న కొమ్మలు, పాత పైపు ముక్కలు, ప్లాస్టిక్ పట్టాలు సహనివేశాలకు ఆధారం గనుక నీరు రాకముందే తీసివేయాలి. పైపుల చివరి మూతలు తీసి నీరు వదలడం అలవాటు కావాలి. జాలిని ఎట్టి పరిస్థితిలోనూ తీయవద్దని చెప్పడంతో పాటు, విడి జాలి ఒకటి చేతిలో ఉండేటట్లు చూడాలి. ఆమ్లాన్ని, క్లోరిన్‌ను ఎన్నడూ కలిపి వాడరాదు. విషవాయువు వెలువడుతుంది.

మరొక ఆలోచనను పరీక్షకు ముందుంచుతున్నాను. విత్తనానికి ముందు నేలను తడిపి, కలుపు మొలిచిన తరువాత దున్ని, అప్పుడు విత్తడం మనకు తెలిసిన పద్ధతి. అదే వరుసలో, కారు ఆరంభంలో పైపులను నీటితో నింపి, కొద్ది రోజులు వదిలి, మొగ్గలు విచ్చుకొని లేత జూయిడ్లు బయటపడిన దశలో క్లోరిన్ చికిత్స చేసి కడిగితే కవచం అడ్డు ఉండదు. అన్నీ ఒకేసారి మొలకెత్తవు గనుక ఒకటికి రెండు మార్లు చేయవలసి రావచ్చు. ఎన్ని రోజుల విరామం, ఎంత మోతాదు అన్నది మన నీటిలో, మన ఉష్ణోగ్రతలలో తేల్చవలసిన విషయం. ఒక స్నాతకోత్తర విద్యార్థికి ఇది మంచి సిద్ధాంత వ్యాసాంశం. సస్య శాస్త్రం, వ్యవసాయ ఇంజనీరింగు, జంతుశాస్త్రం మూడూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తప్ప పూర్తికాని అంశం.

ఒక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి ఎవరైనా చెరువులో మైలుతుత్తం వేయమని సలహా ఇస్తే నా శ్రమ వృథా అయినట్లే. చెరువులో ఈ జీవి శత్రువు కాదు. నీటిలోని రేణువులను వడపోసి తింటూ, ఎన్నో చిన్న జీవులకు ఆశ్రయమిస్తూ తన పని తాను చేసుకుంటోంది. ఆ నీటినే పశువులు తాగుతాయి, ఆ నీటిలోనే చేపలు పెరుగుతాయి. పైపులో దాని దారి మూయాలి, చెరువులో దాని బతుకు దానికి వదలాలి. చెరువును విషపూరితం చేసినా మట్టిలోని మొగ్గలు మిగులుతాయి. ముందు చచ్చేవి మనకు కావలసినవే.

చివరిగా ఒక మాట. నాచుజీవి తన నిద్రమొగ్గలను కరువు వచ్చాక తయారుచేయదు. నీరు నిండుగా ఉండి, ఆహారం సమృద్ధిగా దొరికి, సహనివేశం బలంగా పెరుగుతున్న రోజులలోనే చేసి పెట్టుకుంటుంది. మనం కరువు సలహాలను కరువులో రాస్తాం, నీటి సలహాలను నీరు మురిగిన తరువాత రాస్తాం. ఇప్పుడు చెరువులకు నీరు వస్తోంది. చెరువు నీటి డ్రిప్పుకు తగిన సలహా పత్రాన్ని ఇప్పుడే తయారుచేయాలి. తలుపుల రైతు మూడవ మారు జాలిని చుట్టి తెచ్చే లోపు మన చేతిలో అది ఉండాలి.